బెల్టు సరే, హుక్కు దేనికి తగిలించారు?

ఎత్తు మీద నుంచి ఎవరైనా పడిపోయారని తెలియగానే ఊళ్ళో ముందు వచ్చే ప్రశ్న ఒకటే, బెల్టు పెట్టుకున్నాడా లేదా. పెట్టుకోలేదంటే తప్పు ఆ మనిషిది అయిపోతుంది, పెట్టుకున్నాడంటే తలరాత అయిపోతుంది, రెండు విధాలా అసలు సంగతి మాట్లాడకుండానే అందరూ లేచి వెళ్ళిపోతారు. నిజానికి అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ బెల్టు హుక్కు దేనికి తగిలించి ఉంది, తగిలించినది ఎంత బరువు ఆపగలదు, కింద ఎంత జాగా ఉంది, మనిషి గాల్లో వేలాడిపోతే దించేవాళ్ళు ఎవరు. వీటికి జవాబు లేనప్పుడు ఒంటి మీద ఉన్నది ఎంత ఖరీదైన హార్నెస్ (ఒంటిని పట్టి ఉంచే పట్టీల సెట్టు) అయినా అలంకారమే.

గోదావరి డెల్టాలో ఈ ప్రశ్నలు పెద్దగా వినపడవు. ధవళేశ్వరం దిగువన కొండలు లేవు, ముప్పై అంతస్తుల టవర్లు లేవు, నేలంతా చదునే. ఎత్తులో పని అనగానే హైదరాబాద్‌లో క్రేన్లు గుర్తొస్తాయి తప్ప రావులపాలెంలో కట్టే రెండంతస్తుల డాబా గుర్తుకు రాదు. కానీ లెక్క వేసుకుంటే ఇక్కడ రోజూ పైకెక్కేవాళ్ళు తక్కువేం కాదు. కొబ్బరి దింపు కార్మికులు, తాటిచెట్టెక్కే గీత కార్మికులు, సరుగుడు కర్రల పరంజా మీద ప్లాస్టరింగ్ చేసే తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ కూలీలు, రైస్‌మిల్లు ఎలివేటర్ పైన బేరింగు మార్చే ఫిట్టర్లు, అనపర్తి వైపు కోళ్ళఫారాల రేకులు వేసేవాళ్ళు, కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్లు, గుడి గోపురాలకి రంగులేసేవాళ్ళు, ఫ్లెక్సీలు కట్టే కుర్రాళ్ళు. వీళ్ళలో చాలామంది పనిచేసే ఎత్తు మూడు నుంచి పదిహేను మీటర్ల మధ్యలో ఉంటుంది. మరీ ఎత్తేం కాదులే అనిపించే ఆ ఎత్తులోనే రక్షణ సామగ్రి లెక్క బాగా తప్పుతుంది, ఎలాగో కొంచెం వివరంగా చూడాలి.

ముందు వేగం సంగతి. పది అడుగుల శ్లాబు అంచు నుంచి, అంటే సుమారు మూడు మీటర్ల నుంచి జారిన మనిషి నేలకి తగిలేసరికి గంటకి 27 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. పదిహేను మీటర్ల కొబ్బరిచెట్టు నుంచి అయితే ఆ వేగం 60 దాటుతుంది, అదీ రెండు సెకన్లలోపే. పట్టుకుందాం, దూకుదాం అని ఆలోచించే వ్యవధి ఉండదు. ఆ వేగాన్ని ఎంత దూరంలో ఆపుతున్నామన్నదే ప్రాణం నిలబడుతుందా లేదా అనేది తేలుస్తుంది. 80 కిలోల మనిషి రెండు మీటర్లు పడి, సాగని తాడు పట్టేయడంతో పది సెంటీమీటర్లలో ఆగిపోయాడనుకుంటే ఒంటి మీద పడే సగటు బలం దాదాపు 1,700 కిలోల బరువుతో సమానం. అదే మనిషి ఒక మీటరు దూరం సాగుతూ ఆగితే 240 కిలోలే. తాడుతో కట్టుకున్నాం కదా, నేలకి తగల్లేదు కదా అని ధీమా పడటానికి లేదన్నమాట, తాడు కూడా మనిషిని విరగ్గొట్టగలదు.

నడుముకి కట్టే బెల్టు మీద ఇంత వ్యతిరేకత ఉన్నది ఇందుకే. పడుతున్న మనిషి బరువంతా నడుము మీద ఒక్కసారిగా పడితే వెన్నెముక, లోపలి అవయవాలు దెబ్బతింటాయి, బెల్టులోంచి జారిపోయే ప్రమాదం కూడా ఉంది. అమెరికాలో పడిపోయే మనిషిని ఆపడానికి నడుము బెల్టు వాడకాన్ని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. అది జరిగి పాతికేళ్ళు దాటింది, మన హార్డ్‌వేర్ షాపుల్లో మాత్రం సేఫ్టీ బెల్టు కావాలంటే ఇప్పటికీ ముందు చేతిలో పెట్టేది ఆ నడుము పట్టీనే, ధర తక్కువ కాబట్టి. నడుము బెల్టు పూర్తిగా పనికిరానిదని కాదు, స్తంభం మీద నిలబడి రెండు చేతులతో పని చేసుకోవడానికి, అంచు దాకా వెళ్ళకుండా ఆపడానికి అది బాగానే ఉంటుంది. పడేవాణ్ణి ఆపాలంటే భుజాలు, ఛాతీ, తొడలు అన్నీ కలిపి పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి, వీపు మీద రెండు భుజాల మధ్య రింగు ఉండాలి, తాడు తగిలించేది ఆ రింగుకే. మన దగ్గర ఈ సామానుకి వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 3521, కొనేటప్పుడు లేబుల్ మీద ఆ నంబరు, ఐఎస్‌ఐ మార్కు, తయారైన నెల, సంవత్సరం ఉన్నాయా అని చూడటం కనీస పని.

హార్నెస్‌కి వెనక వేలాడే తాడు పేరు లాన్‌యార్డ్. మామూలుగా 1.8 నుంచి 2 మీటర్ల పొడవుంటుంది. దాని ఒక చివర అరచేతిలో పట్టేంత చిన్న పొట్లం లాంటిది ఉందంటే అది షాక్ అబ్జార్బర్, లోపల మడతలు పెట్టి కుట్టిన పట్టీ ఉంటుంది, మనిషి పడినప్పుడు కుట్లు ఒక్కొక్కటే తెగుతూ మడత విచ్చుకుంటుంది, ఆ విచ్చుకోవడంలోనే దెబ్బ తగ్గుతుంది. యూరప్ ప్రమాణం ప్రకారం ఇది ఒంటి మీద 6 కిలోన్యూటన్లకి, అంటే సుమారు 600 కిలోలకి మించి బలం పడనివ్వకూడదు. అందుకోసం అది గరిష్ఠంగా 1.75 మీటర్ల దాకా సాగొచ్చు. అబ్జార్బర్ లేని వట్టి తాడుతో హార్నెస్ అమ్మేవాళ్ళూ ఉన్నారు, అది కొంటే డబ్బు దండగ.

ఇప్పుడు డెల్టాలోని డాబాకి ఈ లెక్క వర్తింపజేసి చూస్తే విషయం ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. మొదటి అంతస్తు శ్లాబు అంచున ఒక మనిషి నిలబడ్డాడు, కాళ్ళ దగ్గరే ఉన్న ఊచకి హుక్కు తగిలించాడు, లాన్‌యార్డ్ 1.8 మీటర్లు. జారితే తాడు బిగిసేది ఎప్పుడు? వీపు మీద రింగు హుక్కు కంటే 1.8 మీటర్లు కిందికి వచ్చినప్పుడు. రింగు నుంచి పాదాల దాకా ఇంకో 1.5 మీటర్లు. అంటే పాదాలు శ్లాబు అంచుకి 3.3 మీటర్ల కింద ఉండాలి. శ్లాబు ఎత్తే మూడు మీటర్లు. తాడు బిగిసేలోపే మనిషి నేల మీద ఉంటాడు, అబ్జార్బర్ కుట్టు ఒక్కటి కూడా తెగదు. హార్నెస్ వేసుకున్నాడు, హుక్కూ తగిలించాడు, రూల్ ప్రకారం అంతా చేశాడు, అయినా ఏమీ వేసుకోనట్టే పడ్డాడు. సామాను తయారుచేసేవాళ్ళు చెప్పే లెక్క ఏమిటంటే రెండు మీటర్ల లాన్‌యార్డ్‌కి అబ్జార్బర్ సాగే 1.75, మనిషి వీపు నుంచి పాదాల దాకా 1.5, మార్జిన్ ఒక మీటరు కలిపి హుక్కు తగిలించిన చోటు నుంచి కింద 6.25 మీటర్లు ఖాళీగా ఉండాలి. మూడో శ్లాబు అంచున అయితే ఈ జాగా దొరుకుతుంది, మొదటి శ్లాబు దగ్గర దొరకదు, కింద ఇసుక గుట్టో సిమెంటు బస్తాల దొంతో ఉందంటే ఇంకా తక్కువ.

అందుకే తక్కువ ఎత్తులో హార్నెస్ మీద భారం వేయడం గాల్లో దీపం పెట్టడమే. అక్కడ చేయాల్సింది మనిషి అంచు దాటి పోకుండా చూడటం. దానికి రెండు దారులు. ఒకటి అంచుల వెంట రెయిలింగు, నడుము ఎత్తులో ఒక పైపు, మోకాలి దగ్గర ఇంకోటి, కింద సుత్తులూ ఇటుక ముక్కలూ జారకుండా ఒక పలక. మెట్ల గది ఖాళీ, లిఫ్టు కోసం వదిలిన గుంత, శ్లాబులో డక్టు కన్నాలు, వీటికీ ఇదే వర్తిస్తుంది, కన్నం మీద వదులుగా సెంట్రింగ్ రేకు పడేసి వదిలేయడం మూతపెట్టడం కాదు, ఉచ్చు పన్నడం. రెండో దారి పొట్టి తాడు. శ్లాబు మధ్యలో గట్టి కాలమ్‌కి కట్టిన తాడు అంచుకి అరమీటరు ముందే బిగిసిపోయేట్టు పొడవు పెట్టుకుంటే మనిషి అసలు పడే అవకాశమే ఉండదు, జాగా లెక్క అవసరమే లేదు. ఈ పద్ధతికి నడుము బెల్టు కూడా సరిపోతుంది. ఇంత తేలికైనదాన్ని సైట్లలో ఎవరూ వాడకపోవడం విచిత్రమే.

బ్రిటన్‌లో 2005లో వచ్చిన ఎత్తు పనుల నిబంధనలు చెప్పే వరుస కూడా ఇదే. ముందు పైకెక్కకుండా పని చేయగలమా చూడు, తప్పదంటే పడకుండా ఏర్పాటు చెయ్యి, అదీ కుదరనప్పుడే పడ్డా దెబ్బ తగ్గేలా చూడు. ఆ నిబంధనల్లో ఇన్ని అడుగులు దాటితేనే అన్న హద్దు లేదు. అమెరికా నిర్మాణ పనుల్లో ఆరు అడుగులు దాటితే రక్షణ తప్పనిసరి, మన దగ్గర పెద్ద కంపెనీల సైట్లు రెండు మీటర్లని లెక్కగా పెట్టుకుంటాయి. చిన్న సైట్లలో ఏ లెక్కా లేదు, "బెల్టేసుకుంటే పని సాగదండీ" అన్న మేస్త్రీ మాటే ఆఖరి మాట. ఆ మాటలో కొంత నిజముంది కూడా. తగిలించడానికి సరైన చోటు లేని సైట్లో హార్నెస్ ఇస్తే అది కాళ్ళకి అడ్డం పడే తాడు తప్ప ఇంకేం కాదు, వేసుకోనివాణ్ణి తిట్టి లాభం లేదు.

సరైన చోటు అంటే ఏమిటి? అమెరికా నిబంధనలో ఒక మనిషికి హుక్కు తగిలించే చోటు 5,000 పౌండ్లు, అంటే 2,268 కిలోలు ఆపగలగాలి. ఇక్కడి సైట్లలో హుక్కులు తగిలించి కనిపించే వాటిని ఈ లెక్కతో చూస్తే భయం వేస్తుంది. సరుగుడు కర్రల పరంజా అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, కొబ్బరి తాడుతోనో నైలాన్ పురికొసతోనో కట్టిన ఆ కర్రలు ఒక మనిషి పడిన కుదుపుకి మొత్తం కూలితే ఆ మనిషితో పాటు పక్కవాళ్ళూ కిందికి వస్తారు. నాలుగంగుళాల పిట్టగోడ, అదీ నిన్న కట్టినది. కిటికీ గ్రిల్. పీవీసీ పైపు. సింటెక్స్ ట్యాంకు. కాలమ్ పైన నిలబడి ఉన్న ఊచలు గట్టివే గానీ పైన ఖాళీగా ఉంటాయి కాబట్టి మనిషి బరువుకి ఊచ వంగి, దానికి చుట్టిన స్లింగ్ (హుక్కు తగిలించడానికి చుట్టే గట్టి పట్టీ) పైకి జారి ఊడిపోవచ్చు. పనికొచ్చేవి ఇవి: గట్టిపడిన కాంక్రీటు కాలమ్ చుట్టూ తిప్పిన స్లింగ్, బీము, మెట్ల గది కాలమ్, డిజైన్ చేసి బిగించిన యాంకర్ బోల్టు. స్లింగ్‌కి కాంక్రీటు అంచు కోసుకోకుండా గోనెసంచి మడత పెట్టడం మర్చిపోకూడదు. హుక్కు తల కంటే పైన ఉంటే మంచిది, భుజం ఎత్తు పర్వాలేదు, కాళ్ళ దగ్గర అన్నిటికంటే చెడ్డది. పక్కకి ఎక్కువ దూరం కూడా పోకూడదు, హుక్కుకి నాలుగు మీటర్ల పక్కన పడిన మనిషి లోలకంలా ఊగుతూ వెళ్ళి గోడకో పరంజా కర్రకో కొట్టుకుంటాడు.

గోపురాలకీ అపార్టుమెంట్లకీ తాడు ఉయ్యాలలో కూర్చుని రంగులేసే వాళ్ళ విషయంలో ఒక్కటి చాలు. కూర్చునే పలక వేలాడే తాడు వేరు, హార్నెస్‌ని పట్టుకునే లైఫ్‌లైన్ తాడు వేరు, రెండూ వేర్వేరు చోట్ల కట్టి ఉండాలి. లైఫ్‌లైన్ మీద రోప్ గ్రాబ్ అనే చిన్న పరికరం జారుతుంది, మెల్లగా దిగితే వెంట వస్తుంది, ఒక్కసారిగా లాగితే బిగిసిపోతుంది. ఒకే తాడుకి పలకా మనిషీ రెండూ కట్టేస్తే తెగినప్పుడు రెండూ కలిసే పోతాయి. సెల్ టవర్లెక్కేవాళ్ళకి రెండు హుక్కుల లాన్‌యార్డ్ ఉంటుంది, ఒకటి తీసే ముందు రెండోది తగిలించుకోవాలి, ఏ క్షణంలోనూ రెండూ ఖాళీగా ఉండకూడదు.

సిమెంటు రేకుల కప్పులు ఇంకో రకం. వీటి మీద నుంచి జారి పడేవాళ్ళ కంటే రేకు విరిగి లోపలికి పడేవాళ్ళ సంగతి ఎక్కువ ఆలోచించాలి. పాతబడిన సిమెంటు రేకు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, పగుళ్ళు కనపడవు, అడుగు వేసిన తర్వాత పెటిల్లున విరుగుతుంది, ముందు ఏ హెచ్చరికా ఇవ్వదు. బోల్టుల వరుస మీద, అంటే కింద దూలం ఉన్నచోట కాలు పెడితే చాలనే నమ్మకం ఊళ్ళలో బలంగా ఉంది, కాలు ఒక అంగుళం పక్కకి పడితే ఆ నమ్మకం పనిచేయదు. వెలుతురు కోసం మధ్యమధ్యలో వేసే ఫైబర్ రేకుల మీద రైస్‌మిల్లు ఊక దుమ్ము పేరుకుంటే అవి మామూలు రేకుల్లో కలిసిపోతాయి. వానాకాలంలో నాచు సరేసరి. కప్పు ఎత్తు నాలుగైదు మీటర్లే కాబట్టి పైన చెప్పిన జాగా లెక్క ఇక్కడా అడ్డొస్తుంది. రెండు మూడు దూలాల మీద ఆనేలా వెడల్పు పలకలు పరిచి వాటి మీదే నడవడం, వీలైతే లోపలి నుంచి చక్రాల పరంజా వేసి కింద నుంచే రేకు విప్పి మార్చడం, ఇవి నయం. తుపాను తర్వాత రోజుల్లో ఈ జాగ్రత్తలన్నీ గాలికి పోతాయి. 2025 అక్టోబర్ చివర్లో మోంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడైనా, అంతకు ముందు ఏ తుపాను తర్వాతైనా, గాలి తగ్గీ తగ్గకముందే జనం తడి రేకుల మీదికి ఎక్కేస్తారు, ఇల్లు కురుస్తుంటే ఆగమని ఎవరు చెప్పగలరు. కనీసం కింద నుంచి టార్పాలిన్ లాగి కట్టుకుని, రేకు పని ఎండ కాసిన తర్వాత పెట్టుకోవచ్చు.

కొబ్బరి, తాటి చెట్ల దగ్గరికొస్తే మొత్తం కథ మారిపోతుంది. ఇక్కడ తల పైన హుక్కు తగిలించే చోటంటూ ఉండదు. కొబ్బరి మట్ట ఆకుపచ్చగా ఉన్నా నమ్మడానికి లేదు, ఎండుమట్ట అయితే చేత్తో లాగితేనే ఊడొస్తుంది. ఉన్నదల్లా మాను ఒక్కటే. గీత కార్మికుల మోకు ఈ సమస్యకి తరాల కిందటే దొరికిన జవాబు, మానుని చుట్టి మనిషి నడుముని పట్టే ఆ తాడు వెనక్కి వాలితే బిగుస్తుంది, చేతులు రెండూ పనికి ఖాళీ అవుతాయి. ఆధునిక భాషలో చెప్పాలంటే అది నిలబెట్టే సాధనం, పడితే ఆపే సాధనం కాదు. కాలు జారినప్పుడు మోకు మాను వెంబడి మనిషితో పాటే కిందికి జారొచ్చు, తడి మాను మీద మరీను. ఇంకో చిక్కు, మొవ్వు దగ్గరికి చేరాక ఒక మట్ట దాటి పైకి పోవాలంటే మోకు విప్పాలి, ఆ కాసేపు మనిషికి ఆధారం చేతులే. దీనికి విరుగుడు రెండో తాడు. మానుకి ఉచ్చులా బిగిసే స్లింగ్ ఒకటి వేసి, దాన్నుంచి హార్నెస్‌కి పొట్టి తాడు కట్టుకుంటే బరువు పడిన కొద్దీ ఉచ్చు మానుని మరింత పట్టేస్తుంది, మోకు విప్పినప్పుడు కూడా ఇది ఉంటుంది. రెండూ ఒకేసారి విప్పకూడదు, అంతే.

ఇలాంటి ఏర్పాటు పేపరు మీద మాట కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకి కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కేరళలో కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ పేరుతో యువతకి చెట్టెక్కే యంత్రం మీద శిక్షణ ఇచ్చింది, చెట్టెక్కేవాళ్ళకి కేర సురక్ష అనే బీమా కూడా పెట్టింది. యంత్రం అంటే పెద్ద ఊహించుకోనక్కర్లేదు, మానుని పట్టుకునే రెండు ఇనప చట్రాలు, కాళ్ళతో ఒకదాని తర్వాత ఒకటి పైకి జరుపుకుంటూ ఎక్కడమే. కోనసీమలో దీనికి ఆదరణ తక్కువ, కారణం వేగం. దింపు కూలి చెట్టుకింత అని ఉంటుంది, మామూలుగా ఎక్కేవాడు ఒక చెట్టు ముగించి పక్క చెట్టుకి పోయేలోపు యంత్రంతో ఎక్కేవాడు దాన్ని ఇంకా బిగిస్తూనే ఉంటాడు. కూలి లెక్క మార్చకుండా సామాను మాత్రం చేతిలో పెడితే అది కొట్టంలో మూలకి చేరుతుంది, దీనికి దింపు కార్మికుణ్ణి తప్పుపట్టడం అన్యాయం.

చెట్టు ఎక్కకుండా ఉండే దారులు కూడా ఉన్నాయి. పొట్టి చెట్లకి నేల మీద నుంచే దోటితో గెల కోయొచ్చు. కోనసీమ తోటల్లో ఎక్కువగా ఉన్నది ఈస్ట్‌కోస్ట్ టాల్, పేరుకి తగ్గట్టే పొడుగు రకం. గంగబొండం లాంటి పొట్టి రకాలున్నాయి, దాన్నీ ఈస్ట్‌కోస్ట్ టాల్‌నీ కలిపి అంబాజీపేట పరిశోధన కేంద్రం గోదావరి గంగ అనే సంకరం తెచ్చింది. 1996 నవంబర్ 6 నాటి తుపానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, అలా తిరిగి నాటుకునే ప్రతిసారీ ఏ రకం పెట్టాలన్న ప్రశ్న వస్తుంది, రైతు కాయ సైజు, కొబ్బరి శాతం, తెగులు చూసుకుంటాడు, ముప్పై ఏళ్ళ తర్వాత దాన్ని ఎక్కేదెవరన్నది ఆ లెక్కలో ఉండదు. ఉంటే బాగుండేది, దింపు మనుషులు దొరకట్లేదని వాపోయేదీ ఆ రైతులే.

కరెంటు విషయంలో హార్నెస్‌కి ఒక పరిమితి ఉంది, అది పడకుండా ఆపుతుంది గానీ షాక్ కొట్టకుండా ఆపదు. లైన్‌మన్‌కి ముందు కావాల్సింది ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోమని ఇచ్చే అనుమతి), తర్వాత లైనులో కరెంటు లేదని పరీక్షించడం, ఎర్తింగ్ రాడ్డు వేయడం, గ్లవ్స్, ఆ తర్వాతే స్తంభానికి బెల్టు. ఎల్‌సీ తీసుకున్నా పక్కింటి ఇన్వర్టర్ నుంచో చెరువు గట్టు మీద ఏరియేటర్ల (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) కోసం పెట్టిన జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి వచ్చే అవకాశం ఆక్వా ఊళ్ళలో ఉంటుంది, ఎర్తింగ్ రాడ్డు అందుకే. కొబ్బరి తోటల మధ్య నుంచి 11 కేవీ తీగలు పోయేచోట ఇనప గొట్టంతోనో అల్యూమినియం గొట్టంతోనో దోటి చేసి వాడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడం. వెదురుది కూడా తడిస్తే కరెంటు పాస్ చేస్తుంది, తీగ దగ్గర చెట్టుకి లైను ఆపించాల్సిందే.

నీళ్ళ మీద పనికి ఇంకో చిక్కు. బ్యారేజీ గేట్ల దగ్గర, చించినాడ లాంటి వంతెనల మీద, కాలువ లాకుల దగ్గర రంగో రిపేరో చేసేవాళ్ళు కింద నీళ్ళే కదా అనుకుంటారు. హార్నెస్, టూల్స్ బెల్టు, బూట్లతో నీళ్ళలో పడితే ఈత వచ్చినవాడు కూడా మునిగిపోతాడు, లైఫ్ జాకెట్ తప్పదు, ఒడ్డున మనిషితో పడవ ఉండాలి.

హెల్మెట్ గురించి రెండు మాటలు. ఐఎస్ 2925 మార్కున్నది కొంటే సరిపోదు, గడ్డం కింద పట్టీ బిగించాలి, పడే మనిషి తల నుంచి ముందు ఊడిపోయేది పట్టీ లేని హెల్మెట్టే. బైకు హెల్మెట్ పెట్టుకుని పని చేయడం కూడా కనిపిస్తుంది, దానితో పైనుంచి వచ్చే కేక వినపడదు, పక్కకి చూపు ఆనదు. హవాయి చెప్పులతో పరంజా ఎక్కడం మాత్రం చెప్పినా మానేది కాదు, కనీసం వెనక పట్టీ ఉన్నవైనా వేసుకోవాలి.

సామాను కొన్న తర్వాత దాని ఆయుష్షు ఈ వాతావరణంలో తొందరగానే తరుగుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఉక్కు హుక్కుల స్ప్రింగులు తుప్పు పట్టి నాలుక పూర్తిగా మూసుకోదు, పైకి చూస్తే హుక్కు తగిలినట్టే ఉంటుంది. పాలియెస్టర్ పట్టీకి సున్నం, సిమెంటు నీళ్ళు పడవు, నైలాన్‌కి యాసిడ్ పడదు, తడిస్తే నైలాన్ బలం కొంత తగ్గుతుంది, ఎండ రెండింటినీ తింటుంది. సిమెంటు బస్తాల మీద పడేసిన హార్నెస్‌ని సాయంత్రం మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయడం అతి జాగ్రత్త కాదు. వేసుకునే ముందు పట్టీని చేత్తో వంచి చూస్తే కోతలు, దారాలు లేవడం, గట్టిపడటం తెలుస్తుంది, రంగు బాగా వెలిసిపోయినా, కుట్లు తెగినా, రింగు వంగినా పక్కన పెట్టాలి. ఒకసారి మనిషిని ఆపిన హార్నెస్, లాన్‌యార్డ్ మళ్ళీ వాడకూడదు, ముక్కలుగా కోసి పడేయాలి, లేకపోతే ఎవరో ఒకరు బాగానే ఉంది కదా అని తీసుకుపోతారు. సెకండ్‌హ్యాండ్‌లో అసలు కొనకూడదు, దాని చరిత్ర ఎవరికీ తెలియదు.

ఎవరూ ముందుగా ఆలోచించనిది, పడ్డాక ఏం జరుగుతుందన్నది. హార్నెస్ పనిచేసింది, మనిషి బతికే ఉన్నాడు, రెండో అంతస్తు ఎత్తున వేలాడుతున్నాడు. తొడ పట్టీలు ఒత్తేస్తాయి, కాళ్ళు కదలకపోతే రక్తం కిందే నిలిచిపోతుంది, తల తిరుగుతుంది, స్పృహ తప్పుతుంది, అరగంటలోపే ప్రాణం మీదికి రావచ్చని అమెరికా కార్మిక భద్రతా సంస్థ హెచ్చరిస్తుంది. 108కో ఫైర్ స్టేషన్‌కో ఫోన్ చేసి కూర్చుంటే లంక ఊళ్ళకి, కాలువ గట్ల మీద సందులకి వాళ్ళు వచ్చేసరికి ఎంతసేపవుతుందో స్థానికులకే తెలుసు. ఫోన్ చెయ్యాలి, కానీ దించడం సైట్లో ఉన్నవాళ్ళ పనే. పొడుగు నిచ్చెన, అదనపు తాడు, దాన్ని వాడటం తెలిసిన ఇద్దరు మనుషులు ముందే ఉండాలి, ఒంటరిగా ఎవరినీ పైకి పంపకూడదు. కొన్ని హార్నెస్‌లకి పక్కన చిన్న పొట్లంలో పట్టీ ఉంటుంది, వేలాడేటప్పుడు దాన్ని విప్పి అందులో కాలు పెట్టి నిలబడితే తొడల మీద ఒత్తిడి తగ్గుతుంది. దించిన మనిషిని పడుకోబెట్టకూడదని ఒకప్పుడు చెప్పేవారు, దానికి ఆధారం లేదని బ్రిటన్‌లో సమీక్షించి తేల్చారు, మామూలు ప్రథమ చికిత్సే చేయాలి.

ఇదంతా ఎవరి ఖర్చు? చట్టం ప్రకారం పని చేయించేవాళ్ళది. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం ఆ బాధ్యతని యజమాని మీదే పెట్టాయి, వాటి స్థానంలో 2020లో ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. రైస్‌మిల్లుకి, కంపెనీ సైటుకి ఇది సరిగ్గా సరిపోతుంది. ఊళ్ళో ఇళ్ళకి మాత్రం సరిపోదు, సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటి ఖర్చు 50 లక్షలు దాటకపోతే నిర్మాణ పని అనే నిర్వచనంలోకే రాదు. పాత చట్టంలో ఆ హద్దు 10 లక్షలు, ఇప్పుడు ఇంకా పెరిగింది, డెల్టా పల్లెల్లో లేచే డాబాలు చాలావరకు ఈ గీతకి అవతలే. కొబ్బరి దింపుకైతే యజమాని ఎవరో కూడా తేలదు, తోట రైతా, కాయ కొన్న వ్యాపారా, మనుషుల్ని తెచ్చిన ముఠా మేస్త్రీనా, ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళని చూపిస్తారు.

ఇలాంటిచోట మిగిలేది ఒప్పందం మాటే. ఇంటి పని చదరపు అడుగుకి ఇంత అని బేరమాడేటప్పుడు సెంట్రింగ్ అద్దె ఎవరిది, ఇసుక ఎవరు తోలించాలి, నీళ్ళెవరు పెట్టాలి అని అన్నీ విడివిడిగా మాట్లాడుకుంటారు. ఆ కాగితం మీదే రెయిలింగు పైపులు, రెండు హార్నెస్‌లు, కాలమ్‌కి వేసే స్లింగులు, ఒక లైఫ్‌లైన్ తాడు అని ఇంకో వరుస రాసి దాని డబ్బు వేరుగా కట్టిస్తే మేస్త్రీ రేటులోంచి పోదు కాబట్టి అతనికి అభ్యంతరం ఉండదు, ఇల్లు పూర్తయ్యాక ఆ సామాను ఇంటివాళ్ళ దగ్గరే ఉంటుంది, ట్యాంకు కడగడానికో సోలార్ ప్యానెల్ తుడవడానికో డాబా అంచుకి వెళ్ళాల్సి వచ్చేది ఎలాగూ ఆ ఇంటివాళ్ళే.